బురద పరీక్ష

3 సెప్టెంబరు 1973, సోమవారం

ఈ పని గురించి ఎక్కడా ఏమీ రాయనని సంతకం పెట్టించుకున్నారు. పెట్టాను. ఈ పుస్తకం మా బియ్యం డ్రమ్ము వెనక ఉంటుంది, నేను తప్ప ఎవరూ చదవరు, కాబట్టి ఇక్కడ రాస్తే ఎక్కడా రాసినట్టు కాదు. ఇన్నేళ్లుగా సర్కారు కొలువు చేస్తున్నవాడికి ఆ మాత్రం తర్కం తెలియకపోతే జీతం దండగ.

షెడ్డు ఖాయమైంది. ఆటోనగర్‌లో నవాబ్ గారిది. ముందు భాగంలో లారీ ఇంజన్లు విప్పి బాగుచేస్తారు. వెనక భాగం రేకులతో మూసి మాకిచ్చారు. గేటుకి ఒక సెంట్రీ, గోడకి ఒక బోర్డు: పంపుసెట్ల విడిభాగాలు. బోర్డు చూసి నవాబ్ గారు, "రేపు రైతులొచ్చి పంపులడిగితే ఏం చెప్పమంటారండీ?" అన్నారు. సరుకు అయిపోయిందని చెప్పమన్నాను. "మొదలెట్టకముందే అయిపోయిందా అండీ" అని నవ్వారు.

చేయాల్సింది తుపాకీ. ఒకే బాడీ, దానికి మూడు బారెళ్లు. పొడుగు బారెల్ బిగిస్తే రైఫిలు, పొట్టిది బిగిస్తే కార్బైను, లావుది బిగిస్తే మెషిన్‌గన్ను. మడమ, మేగజీను అన్నీ విడివిడి ముక్కలే. ఏ ముక్క చెడితే ఆ ముక్క పీకేసి పక్కవాడి తుపాకీలోది పెట్టుకోవచ్చు. ఏ ముక్కయినా ఏ బాడీకైనా పట్టాలి. దాని ప్రాణమంతా ఆ ఒక్క మాటలో ఉంది. కాగితం మీద గీసిన బొమ్మ నాది. ఆరు సెట్లు చేసి చూపిస్తే, నచ్చితే, పెద్ద ఫ్యాక్టరీకి వెళుతుంది.

మా ఆఫీసు ఉత్తరాదిన ఉంది. ఏడాది పాటు నన్ను ఇక్కడికి పంపడం బురద కోసం. బెంగాల్ బురదకి మన కృష్ణా డెల్టా బురద దగ్గరి చుట్టమని నేనే ఒప్పించాను. మా ఇల్లు పటమటలో ఉండటం కూడా ఒక కారణమే కాని, ఆ మాట కాగితం మీద పెట్టలేదు.

కాగితం మీద మొదటి వాక్యం ఇది: "డెబ్భై ఒకటి యుద్ధంలో తూర్పు ప్రాంతంలో మన జవాన్ల ఆయుధాలు బురదలో ఆగిపోయిన అనుభవం దృష్ట్యా." జవాన్లు అని బహువచనం వేశాను. నాకు తెలిసిన జవాను ఒక్కడే. మా తమ్ముడు అంతోని. ఏదో కాలవ గట్టు మీద వాడి తుపాకీ ఆగిపోయింది. పక్కనున్న నాయర్ అనే అతను పోయాడు.

9 సెప్టెంబరు, ఆదివారం

పూజకి వెళ్లాం. అంతోని వచ్చాడు. సత్ప్రసాదానికి లేవలేదు.

యుద్ధమయ్యాక పట్టాలం వదిలి వచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరస. పాపం మనసులో ఉంచుకున్నవాడు సత్ప్రసాదం తీసుకోకూడదు, ముందు ఫాదర్ గారి దగ్గర పాపసంకీర్తనం చేయాలి. వీడు అదీ చేయడు, ఇదీ తీసుకోడు, పూజ మాత్రం మానడు. గుడిలో జనమంతా లేచి వరసలో నిలబడితే వీడొక్కడు బల్ల మీద మోకాళ్లు పట్టుకుని కూర్చుంటాడు. ఆడవాళ్ల వైపు నుంచి అమ్మ చూస్తూ ఉంటుంది. ఆమెతో పాటు పటమట అంతా చూస్తుంది.

ఇంటికొచ్చాక అమ్మ నన్ను పెరట్లోకి పిలిచింది. "ఒరే రత్నం, వాడు అక్కడేం చేశాడో కనుక్కోరా. నేనడిగితే లేచెళ్లిపోతన్నాడు. నేను పోయేలోపు వాడు దేవుడి బల్ల దగ్గరికి నడిచెళ్తే చూడాలి నాకు. ఇంకేం అడగను."

అంతోని ఏమీ చేయలేదనీ, చేసింది తుపాకీ అనీ చెప్పాను. ఆగిపోని తుపాకీ ఒకటి తయారుచేస్తున్నాననీ, అది వాడి చేతిలో పెడితే సర్దుకుంటాడనీ చెప్పాను. అమ్మ ఒక్కదానికి చెబితే సంతకం తప్పినట్టు కాదు. అమ్మ ఎవరికీ చెప్పదు, చెప్పినా ఎవరికీ అర్థం కాదు.

మా ఆవిడ మార్త ఊరుకోలేదు. బడిపంతులమ్మ కదా, ప్రశ్న వేయనిదే అన్నం సయించదు. "అసలు మీరు వాణ్ణి అడిగారా?"

"అడిగాను. తుపాకీ జామయిందా అంటే ఊఁ అన్నాడు."

"అట్టా అడిగితే ఎవరైనా ఊఁ అంటారు. జవాబు మీరే చెప్పేసి ఇంకేం అడగటమండీ అది."

ఆడవాళ్లకి యంత్రాల సంగతి తెలియదు.

24 సెప్టెంబరు

మీరావలి అనే ఫిట్టరు దొరికాడు. నవాబ్ గారి దగ్గర పెద్ద మేస్త్రీ. ఆకురాయి పట్టుకున్నాడంటే పక్కన బాంబు పడినా తలెత్తడు. ఒకటో బాడీలో ఒకటో బారెల్ కూర్చోబెట్టి చూపించాడు. తలుపు గడియ పడ్డట్టు పడింది, కొత్త ఇంట్లో కొత్త గడియలాగా. తీశాను, మళ్లీ పెట్టాను. నాలుగైదు సార్లు చేశాను. పిల్లాడి ఆటలా ఉందని నాకే సిగ్గేసింది.

బాడీ మీదా బారెల్ మీదా పంచితో చిన్న చుక్క పెట్టి ఉంది. రెండో సెట్టుకి రెండు చుక్కలు. "జత తప్పకుండా సార్" అన్నాడు. ఆటోనగర్‌లో ఏ ఇంజను విప్పినా పిస్టనుకీ సిలిండరుకీ ఇలాగే చుక్కలు పెట్టి, దేని తోడు దానికి రాచి కలుపుతారు. ఇక్కడి పద్ధతి. చుక్కలు కూడా ముచ్చటగా వరసలో పెట్టాడు.

6 అక్టోబరు, దసరా

లేతు మెషిన్లకి పసుపు రాసి, కుంకం పెట్టి, గుమ్మడికాయ కొట్టారు. ఎవరో మన మూడు సెట్లకీ బొట్లు పెట్టారు. సెంట్రీ తన తుపాకీ కూడా తెచ్చి పెట్టించుకున్నాడు. సాయబు గారి షెడ్డులో, క్రైస్తవుడి బొమ్మకి, ఆయుధపూజ. నిమ్మకాయ మీరావలి తొక్కించాడు.

22 అక్టోబరు

కరెంటు లేదు. పని లేదు.

14 నవంబరు

అంతోనిని షెడ్డులో పెట్టించాను. కిరసనాయిల్లో ముక్కలు కడిగే పని. మీరావలికి పక్కనే కూర్చుని కడుగుతాడు, గుడ్డతో తుడిచి వరసగా పెడతాడు. వాటిని కలపడు. ఒకసారి నేను బాడీ ఒక చేతిలో, బారెల్ ఒక చేతిలో పెట్టాను. రెండూ తుడిచి విడివిడిగా బల్ల మీద పెట్టేశాడు.

అలవాటవుతోంది. ఇంకో నెలలో తానే కలుపుతాడు.

2 డిసెంబరు, ఆదివారం

లేవలేదు.

18 డిసెంబరు, మంగళవారం

ఇవాళ్టి సంగతి వరసగా రాయాలి.

గన్నవరం దాటాక పోలీసుల ఫైరింగు రేంజి ఉంది, అక్కడ పెట్టాం. ముందురోజే ఉయ్యూరు వైపు మా మేనమామ చేలో నుంచి నాలుగు డ్రమ్ముల బురద లారీలో తెప్పించాను. మామయ్య, "పొలం కొనుక్కెళ్లేవాళ్లని చూశాను గానీ బురద మోసుకెళ్లేవాళ్లని ఇదే చూడటంరా" అన్నాడు.

కల్నల్ గారు పైనుంచి వచ్చారు. మరాఠీ మనిషి, మాట తక్కువ. మొదట మా ప్రతిపాదన తీసి, జవాన్లందరికీ తెలియాలని మొదటి పేరా చదివి హిందీలో చెప్పారు. తూర్పున మన తుపాకులు బురదలో ఆగిపోయాయి, మనవాళ్లు చచ్చిపోయారు, అందుకని ఈ ఇంజనీరు గారు ఇది చేశారు అని. అంతోని డ్రమ్ముల దగ్గర నిలబడి ఉన్నాడు. తల వంచుకున్నాడు. గర్వం వల్ల అనుకుంటాను.

బురదలో ముంచారు. తీశారు. కాల్చారు. ఆరూ పేలాయి. రైఫిలుగా పేలాయి, కార్బైనుగా పేలాయి, మెషిన్‌గన్నుగా పేలాయి. కాకి పిల్ల కాకికి ముద్దు అంటారు, అన్నా సరే, అంత అందమైన చప్పుడు నేను వినలేదు.

తర్వాత కల్నల్ గారు ఆరింటినీ విప్పించి టార్పాలిను మీద పోయించారు. చేతికర్రతో అన్నీ కలిపేశారు, పప్పులో తాలింపు కలిపినట్టు. "ఇప్పుడు కట్టించండి" అన్నారు. ఎవరు కడతారని చూశారు. అంతోని నిలబడ్డ తీరు చూసి, "నువ్వు జవానువే కదా, రా" అన్నారు.

వాడు వచ్చాడు. మోకాళ్ల మీద కూర్చున్నాడు. షెడ్డులో చేరాక మొదటిసారి, కలపడానికి ఒక బాడీ, ఒక బారెల్ చేతిలోకి తీసుకున్నాడు. బారెల్ సగం దాకా వెళ్లి ఆగింది. ఇంకోటి తీశాడు. అది వదులుగా ఊగింది. మూడోది మొదలే పట్టలేదు. నేను వంగి, "కాస్త గట్టిగా తట్టరా, పడుతుంది" అన్నాను మెల్లగా. వాడు నా మొహం చూశాడు. లేచి అటెన్షన్‌లో నిలబడి కల్నల్ గారితో హిందీలో అన్నాడు, "ఇది కూర్చోదు సాబ్. కొట్టి కూర్చోబెట్టినా నిలవదు."

అంతా విన్నారు.

మీరావలి పరుగెత్తుకొచ్చాడు. "చుక్కలు చూసి కట్టాల గదా సార్. జతలు మార్చేస్తే ఎట్టా కూర్చుంటాయి? పెళ్లాం మొగుళ్లని మార్చి కూర్చోబెడతారా ఎవరైనా?" కల్నల్ గారికి ఎవరో తర్జుమా చేసి చెప్పారు. ఆయన నవ్వలేదు. మే నెల దాకా గడువిచ్చి జీపెక్కారు.

అంతోని కాస్త తట్టి ఉంటే పట్టేది.

19 డిసెంబరు

పట్టేది కాదు. కొలిచాను. ఏ రెండు బాడీలూ ఒక కొలతలో లేవు. ప్రతిదాన్నీ దాని జతకి రాచి రాచి, ఎంత బాగా కలిపాడంటే ఇంకదేనితోనూ కలవదు. పని మరీ బాగుండటమే దోషం.

చుక్కలు నేను చూశాను. అయినా ఫిట్టింగు మేస్త్రీ పని, నాది బొమ్మ పని.

25 డిసెంబరు

క్రిస్మసు. వాడు లేవలేదు. అమ్మ గుడి మెట్ల మీదే ఏడ్చింది. నేను వాడితో మాట్లాడి వారమవుతోంది.

7 జనవరి 1974, సోమవారం

ఆకురాళ్లన్నీ పెట్టెలో పెట్టి తాళం వేశాను. ఇక నుంచి ముక్కని ముక్కతో సరిచూడటం లేదు. ఉక్కుతో ఒక అచ్చు చేయించాం. ప్రతి ముక్కా ఆ అచ్చులో దూరాలి. దూరకపోతే చెత్తలోకి. చేత్తో సరిచేయడం లేదు.

మీరావలి తాళం వైపు చూశాడు. గోడకున్న చొక్కా తగిలించుకుని వెళ్లిపోయాడు.

12 జనవరి

మీరావలి రావడం లేదు. నవాబ్ గారు వచ్చి కూర్చున్నారు. "ముప్పయ్యేళ్లుగా ఆ చేతి మీద బతికాడండీ. ఇప్పుడు చెయ్యి పెట్టొద్దంటే వంటమనిషిని ఉప్పు చూడొద్దన్నట్టే." నేను క్షమాపణ చెప్పాలని ఆయన ఉద్దేశం. తప్పు ఆయన మేస్త్రీది, క్షమాపణ నాది. బాగుంది న్యాయం.

19 జనవరి

మీరావలి వచ్చాడు. నేనేమీ అడగకుండానే చెప్పాడు. "మీ తమ్ముడొచ్చాడు సార్ ఇంటికి. మా ఆవిడ టీ ఇస్తే తాగాడు. ఆనక చెప్పాడు. అక్కడ చచ్చినోడి దాన్లోంచి పీకి బతికినోడు పెట్టుకోవాలంట. జత కుదరకపోతే రెండోవోడూ పోయినట్టేనంట. అట్టా అన్నాక ఇంక నేనేం మాట్లాడను? తాళం అట్టాగే ఉంచండి."

సాయంత్రం దాకా అచ్చులో ముక్కలు దూర్చి చూశాడు. పట్టనివి పక్కన పడేసేటప్పుడు చేతులు రెండూ చంకల్లో పెట్టుకుంటున్నాడు. లేకపోతే ఊరుకోవట.

అంతోనికి తుపాకీ మీద ఆసక్తి కలుగుతోందని దీన్నిబట్టి తెలుస్తోంది. నేను చెబుతూనే ఉన్నాను.

11 ఫిబ్రవరి

గుణదల తిరునాళ్ల. అమ్మ కొండ మెట్లు మోకాళ్ల మీద ఎక్కింది. అంతోని పక్కనే నడుస్తూ గొడుగు పట్టాడు. కిందికొచ్చాక ఆమె మోకాళ్లకి కొబ్బరినూనె రాశాడు. పూజలో లేవలేదు.

3 మార్చి

వాడితో మళ్లీ మాట్లాడుతున్నాను. ఎప్పుడు మొదలుపెట్టానో గుర్తు లేదు.

14 ఏప్రిల్, ఈస్టరు

ఏడాదికి ఒక్కసారైనా, ఈస్టరుకి, సత్ప్రసాదం తీసుకుని తీరాలని నియమం. వాడు తీసుకోని మూడో ఈస్టరు ఇది. ఫాదర్ గారు ఇంటికొచ్చి కూర్చుని, కాఫీ తాగి, క్రికెట్ గురించి మాట్లాడి వెళ్లారు. మంచివారు. వెళ్లేటప్పుడు అంతోని భుజం తట్టారు.

అమ్మ నాతో అంది, "ఇంకెన్నాళ్లురా ఆ తుపాకీ?"

మే నెలలో అయిపోతుందన్నాను.

29 ఏప్రిల్

మీరావలి కళ్లకి గుడ్డ కట్టుకుని, కుప్పలోంచి చేతికందిన ముక్కలు తీసి కట్టాడు. పట్టింది. విప్పి, వేరేవి తీసి కట్టాడు. పట్టింది. ఏ ముక్కయినా ఏ బాడీకైనా. గుడ్డ విప్పుకుని, "మనసు ఒప్పుకోవటం లేదు సార్. దేనికీ దాని తోడంటూ లేకుండా పోయింది" అన్నాడు. ఈ మనిషిని సంతోషపెట్టడం నావల్ల కాదు.

8 మే, బుధవారం

రైల్వే సమ్మె మొదలు. స్టేషనంతా బోసిపోయింది. ఉత్తరాలు లేవు, మనుషులు లేరు. కల్నల్ గారు రాలేరు. సికింద్రాబాదు నుంచి ఒక మేజరుని జీపులో పంపుతారని వైర్‌లెస్సులో కబురు.

ఎండాకాలమని కాలవలకి నీళ్లు కట్టేశారు. బురదకి ఇబ్బంది లేదు, కాలవ అడుగునే కావలసినంత ఉంది.

20 మే, సోమవారం

నెగ్గాం.

కాలవ అడుగు బురదలో ముంచారు, ఎండబెట్టారు, మళ్లీ ముంచారు. ఆరింటినీ విప్పి కుప్ప పోశారు. మేజరు కుర్రవాడు, కుప్పని రెండుసార్లు కలియబెట్టాడు. అంతోని ఒక్కడే కూర్చుని అన్నీ కట్టాడు. చెయ్యి తడబడలేదు. కట్టిన ప్రతిదాన్నీ హవల్దారుకి అందించాడు. హవల్దారు కాల్చాడు. అన్నీ పేలాయి. మేజరు నా చెయ్యి పట్టుకుని ఊపుతూనే ఉన్నాడు.

ఆఖరిది అంతోని చేతిలో ఉండగా, "ఇది నువ్వు కాల్చరా" అన్నాను. ఇంతకాలం ఈ మాట అనడానికే ఆగానేమో. వాడు దాన్ని పట్టుకుని గురి వెనకున్న మట్టిగుట్ట వైపు చూశాడు. "వద్దన్నయ్యా" అని హవల్దారుకి ఇచ్చేశాడు.

అలసిపోయి ఉంటాడు. ఎండ.

వచ్చేటప్పుడు గవర్నర్‌పేటలో ఆగి పూతరేకులు కొన్నాను. కొట్టాయన, "బాంబు గురించా అండీ?" అన్నాడు. మొన్న శనివారం రాజస్థాన్‌లో అణుపరీక్ష చేశారు, ఊరంతా అదే మాట. అవునన్నాను.

31 మే, శుక్రవారం

సమ్మె అయిపోయి రైళ్లు నడుస్తున్నాయి. టపా కట్టలు కట్టలుగా వచ్చింది.

మా ప్రాజెక్టు రద్దయింది. ఆర్డరు మీద తేదీ మే నాలుగు. అంటే మేము పరీక్ష నెగ్గే నాటికి రెండు వారాలుగా చచ్చిపోయి ఉన్నాం. చచ్చినవాళ్లమని ఎవరూ చెప్పలేదు కాబట్టి పూతరేకులు పంచుకున్నాం.

కారణాలు రెండు. అరబ్బులు నూనె ధర పెంచడం వల్ల అంతటా పొదుపు. ఇప్పుడున్న రైఫిలు సంతృప్తికరంగా ఉండటం. మూడు ఆయుధాల పని ఒక ఆయుధంతో చేయించే ఆలోచనను ప్రస్తుతానికి విరమించుకోవడమైనది. బాగుందా బాగాలేదా అన్న ప్రశ్నే ఎక్కడా లేదు. పురిట్లోనే సంధి కొట్టింది.

ముక్కలన్నీ సాక్షుల ముందు గ్యాసుతో కోసి తునకలు చేయాలి.

పరీక్ష నెగ్గిందని మేజరు వైర్‌లెస్సు పంపాడు. జవాబు వచ్చింది: "రిపోర్టు అందినది. ఆర్డరు అమలు చేయవలెను."

1 జూన్

అమ్మకి చెప్పలేదు. మార్తకి చెప్పాను. ఇలాంటప్పుడు ప్రశ్న వేయకపోవడం ఆమె మంచితనం.

5 జూన్, బుధవారం

కోశాం.

నవాబ్ గారు గ్యాసు సిలిండరు తెప్పించి పెట్టి, తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. మీరావలి వచ్చాడు కాని లోపలికి రాలేదు. గేటు బయట వేపచెట్టు కింద సెంట్రీతో కూర్చున్నాడు. మేజరు సాక్షి సంతకం ముందే పెట్టేసి కాలవలో ఈతకి వెళ్తానని వెళ్లాడు. కాలవలో నీళ్లు లేవని నేను చెప్పలేదు.

కోసేవాడు ఇంకా రాలేదు. అంతోని నల్ల కళ్లద్దాలు పెట్టుకుని టార్చి తీసుకున్నాడు. ఎక్కడ నేర్చుకున్నాడో తెలియదు, ముందు షెడ్డు వాళ్లని చూసి అయి ఉంటుంది. బాడీలు ముందు కోశాడు, తర్వాత బారెళ్లు. నేను పక్కన నిలబడి ఒక్కొక్కటీ అందించాను. నా బొమ్మ కదా, అందించడమైనా నేనే అందించాలి. ఏడుపు వచ్చింది. పొగ ఎలాగూ ఉంది.

అంతా అయ్యాక టార్చి ఆర్పి, కళ్లద్దాలు తీసి, నేల మీద కూర్చున్నాడు.

"అన్నయ్యా, ఇది నాకోసం చేశావు గదా."

"గవర్నమెంటు కోసం" అన్నాను.

"నా తుపాకీ ఆగలేదు."

ఏమన్నావని అడిగాను. విన్నాను గాని అడిగాను.

"ఆగలేదు. పొద్దున్నే తుడుచుకున్నా, బాగానే ఉంది. కాలవ అవతల గట్టు కింద ఒకడు దిగబడిపోయి ఉన్నాడు, మోకాళ్ల దాకా. అవతలోడే. బూటు రాక రెండు చేతులా పీక్కుంటన్నాడు. నాట్లప్పుడు కాలు దిగబడితే మనమూ అట్టాగే గదా పీక్కుంటాం. నాకు బాగా అందుబాటులో ఉన్నాడు. నాయర్‌కి చెట్టు అడ్డం. కాల్చు కాల్చు అంటన్నాడు నన్ను. నేను వాణ్ణే చూస్తా కూచున్నా. బూటొచ్చింది వాడికి. గట్టెక్కాడు. ఎక్కి కాల్చాడు."

"నీ మీదా?"

"నాయర్ మీద."

బయట మీరావలి, సెంట్రీ ఏదో మాట్లాడుకుంటున్నారు. లారీ ఇంజను ఒకటి పట్టుకుని పట్టుకోకుండా ఆగిపోతోంది.

"తర్వాత ఆఫీసర్లు అడిగారు, ఎందుకు కాల్చలేదని. నా నోటెంట మాట రాలా. ఎవరో జామై ఉంటదిలే అన్నారు. ఊఁ అన్నా. ఇంటికొస్తే నువ్వూ అదే అడిగావు. అక్కడితో పోద్దనుకున్నా. మొదటి పరీక్షప్పుడు కల్నల్ సాబు చదివాడే, అప్పుడు తెలిసింది, నువ్వు నా మాట మీద కట్టావని. చెబుదామని రోజూ అనుకున్నా. నువ్వేమో సంబరంగా ఉన్నావు. తెగిందాకా నోరు రాలేదు."

నాకు కోపం వచ్చింది. జాలి తర్వాత వచ్చింది, ముందు వచ్చింది కోపమే. ఒక ఊఁ మీద ఇంత కట్టాను. మా ఆఫీసుని నమ్మించాను, కల్నల్ చేత చదివించాను, మీరావలి చేతులు కట్టేశాను. ఆ అవతలివాడి బూటు ఊడిరాకుండా ఉంటే నేను ఈ తుపాకీ గీసి ఉండేవాణ్ణే కాను.

"నేను చేసింది తప్పేనా అన్నయ్యా?" అన్నాడు.

ఎవరి విషయంలో అడుగుతున్నాడో తెలియలేదు. నాయర్ విషయంలోనా, బూటువాడి విషయంలోనా, నా విషయంలోనా. తెలియదురా అన్నాను. వాడు తలూపాడు. చీపురు తెచ్చి తునకలన్నీ ఒక మూలకి ఊడ్చాడు.

6 జూన్

రాత్రి వాడు గురకపెట్టి నిద్రపోయాడు. నాకు పట్టలేదు.

8 జూన్, శనివారం

సాయంత్రం అంతోని గుడికి వెళ్లాడు. ఫాదర్ గారి దగ్గర చాలాసేపు ఉన్నాడట. నాకు చెప్పిన మూడోరోజుకి దేవుడికి చెప్పాడు. ముందు నాకే చెప్పాడు.

9 జూన్, ఆదివారం

లేచాడు.

అందరితో పాటు వరసలో నిలబడ్డాడు. ముందు ఒక ముసలాయన, వెనక ఇద్దరు కుర్రవాళ్లు. నాలుక చాపి తీసుకున్నాడు. చేతులు కట్టుకుని తిరిగొచ్చి నా పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. అమ్మ వైపు నేను చూడలేదు. చూడకుండానే తెలుస్తుంది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక అంతోని, మార్త సినిమాకి వెళ్లారు. అమ్మ వసారాలో చింతపండు ఈనెలు తీస్తూ, నన్ను పక్కన కూర్చోమంది.

"నీతో చెప్పాడంట గదా. ఏంటంటరా అసలు సంగతి?"

"ఏముందమ్మా. తుపాకీ ఆగిపోయింది. పక్కవాడు పోయాడు. అదే మనసులో పెట్టుకున్నాడు."

"అంతేనా?"

"అంతే."

"మరి వాడి తప్పేం లేదుగా?"

"లేదు."

కాసేపు ఈనెలు తీసింది. "పిచ్చి సన్నాసి. దానికి ఇన్నాళ్లు ఏడిపించాడు నన్ను" అంది. తర్వాత గుర్తొచ్చినట్టు అడిగింది. "నువ్వు చేస్తానన్నావే, ఆగిపోనిది. అయిపోయిందా?"

"అయిపోయిందమ్మా. బాగా వచ్చింది."

"పోనీలే. ఇంక ఏ తల్లి కొడుక్కీ వీడి కష్టం రాదు."

రాదమ్మా అన్నాను.